మురఖ్ఖా: కత్తిరించి అంటించిన చరిత్ర

హైదరాబాద్ వైపు పెళ్లి పిలుపు కార్డుని పెద్దవాళ్లు ఇప్పటికీ రుఖా అనే అంటారు. రుఖా అంటే కాగితం ముక్క, చీటీ. అరబీలో ఆ మాటకి బట్టకి వేసే అతుకు అనే మానీ కూడా ఉంది. అతుకు మీద అతుకు వేసుకున్న సూఫీ ఫకీరు ఖిర్ఖాని మురఖ్ఖా అనేది అందుకే. బొమ్మలూ రాతలూ ముక్కలుగా కత్తిరించి, జతపరిచి, అంచులు దిద్ది, అంటించి, జిల్ద్ కట్టిన పుస్తకానికి కూడా ఫార్సీ వాళ్లు అదే పేరు పెట్టారు. మన పిల్లలు స్కూల్లో స్క్రాప్‌బుక్ అంటున్నది చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఈ మాటే.

స్క్రాప్‌బుక్ షౌఖ్ బాగా ఉన్నవాళ్లు రెండు పద్ధతుల్లో పేజీ చేస్తారు. ఒకటి స్కెచ్. ఫొటో ఎక్కడ, పేరు ఎక్కడ, పూల ముక్క ఎక్కడ అని గళ్లు గీసిన ఖాళీ నమూనా ఒకరు ఇస్తారు, మిగతావాళ్లు తమ ఫొటోలతో దాన్ని నింపుతారు. రెండోది చాలెంజ్. ఫలానా రంగు వాడాలి, ఫలానా మాట ఉండాలి అని షరతు పెడతారు. ఇవి అమెరికా దుకాణాల్లో పుట్టిన సరదాలని చాలామంది అనుకుంటారు. అక్కడివాళ్లు మన దగ్గర్నుంచే నేర్చుకున్నారని నేనూ అనను. కానీ ఈ రెండింటికీ కలిపి మన పెద్దవాళ్ల దగ్గర ఎప్పట్నుంచో ఒకే మాట ఉంది: తర్హ్. బొమ్మకి ముందుగా గీసే నమూనా తర్హ్. ముషాయరాలో శాయర్లందరికీ ముందే ఇచ్చే మిస్రా కూడా తర్హే. తెలుగులో మనం రోజూ 'ఈ తరహా మనుషులు' అంటామే, ఆ తరహా కూడా దీని బిడ్డే.

తస్వీర్లు జాయిజా కాదా అన్న మసలా ఉలమాకి వదిలేసి, నేను తారీఖ్ వరకే మాట్లాడతాను.

ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ మహల్ కితాబ్‌ఖానాలో ఒక మురఖ్ఖా ఉంది. ఇరాన్ బాదుషా షా తహ్మాస్ప్ తమ్ముడు బహ్రామ్ మీర్జా కోసం దూస్త్ ముహమ్మద్ అనే ఖుష్‌నవీస్ దాన్ని 1544 ప్రాంతంలో కూర్చాడు. షహజాదా దగ్గర పాత ఉస్తాదుల రాతలూ బొమ్మలూ విడివిడి కాగితాలుగా పోగుపడ్డాయి. వాటిని ఒక వరసలో పెట్టమని హుకుం. దూస్త్ ముహమ్మద్ అంటించి ఊరుకోలేదు. ఏ ఖుష్‌నవీస్ ఎవరి షాగిర్దు, ఏ ముసవ్విర్ ఎవరి చేతి కింద నేర్చుకున్నాడు అని పొడుగాటి దీబాచా రాశాడు. ఇరాన్ చిత్రకళ చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా ఇవాళ్టికీ ఆ ముందుమాట తెరవాల్సిందే. ఒక స్క్రాప్‌బుక్ పీఠిక ఒక కళకి తారీఖ్ అయింది!

సరిగ్గా ఆ 1544లోనే, షేర్ షా చేతిలో రాజ్యం పోగొట్టుకున్న హుమాయూన్ అదే తహ్మాస్ప్ దర్బారులో పనాహ్ కోసం వెళ్లాడు. తిరిగొచ్చాక అక్కడి ముసవ్విర్లు మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్‌లని కాబూల్‌కి పిలిపించుకున్నాడు. మొఘల్ కార్‌ఖానా అలా మొదలైంది. మురఖ్ఖా షౌఖ్ కూడా వాళ్ల వెంటే వచ్చింది.

ఇక పేజీ ఎలా తయారయ్యేదో చెప్తాను, ఎందుకంటే అసలు మజా అక్కడుంది. ఒక్క కాగితం మీద ఏదీ అంటించరు. పలచటి కాగితాలు రెండు మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, లేయి పూసి ఒకదానిమీద ఒకటి అతికిస్తారు. దాని పేరు వస్లీ. వస్ల్ అంటే కలయిక. గజళ్లలో మాషూఖ్‌తో వస్ల్ కోసం ఏడ్చే శాయర్లున్నారు కదా, కార్‌ఖానాలో ఆ వస్ల్ పిండి జిగురుతో జరిగేది! పురుగు పట్టకుండా ఆ లేయిలో నీలా థోథా, అంటే మన మైలుతుత్తం, కలుపుతారు. ఆరాక గవ్వతోనో అఖీఖ్ రాయితోనో అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. మధ్యలో బొమ్మో రాతో పెట్టి, దాని చుట్టూ రంగు గీతలతో జద్వల్ గీస్తారు. ముక్కల అతుకులు కనపడకుండా దాచేది ఆ జద్వలే. దానికి బయట వెడల్పాటి హాషియా, అందులో బంగారు పూలు, తీగలు, పిట్టలు. ఒక్క పేజీకి ఎంతమంది చేతులో చూడండి. వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో జహంగీర్ మురఖ్ఖా వరఖ్ ఒకటుంది. దాని హాషియాలో పూలకి బదులు పనివాళ్లే ఉన్నారు. ఒకతను కాగితం రుద్దుతున్నాడు, ఒకతను జిల్ద్ కడుతున్నాడు, ఒకతను పుస్తకం పెట్టే రెహల్ చేస్తున్నాడు. బాదుషా పేజీ అంచున మజ్దూరు!

నమూనా సంగతికి వస్తాను. అక్బర్ కాలంలో పెద్ద బొమ్మలకి పని పంచుకునేవాళ్లు. పెద్ద ఉస్తాద్ తర్హ్ గీస్తాడు, అంటే ఎవరెక్కడ నిలబడాలి, కోట ఎక్కడ, గుర్రం ఎటు తిరగాలి అన్నది అతని ఫైస్లా. రంగులు నింపే అమల్ ఇంకొకరిది. ముఖ్యమైన ముఖాలు కొన్నిసార్లు మూడో మనిషివి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని అక్బర్‌నామా బొమ్మల కింద గుమాస్తాలు చిన్న అక్షరాల్లో ఈ లెక్క రాసి పెట్టారు. ఆధమ్ ఖాన్‌ని కోట మీంచి కిందికి తోయించే బొమ్మ తర్హ్ మిస్కీన్‌ది, అమల్ శంకర్‌ది. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. గళ్లు గీసింది ఒకరైతే నింపింది మరొకరు, ఇద్దరికీ ఇజ్జత్.

ఒక తర్హ్‌ని మళ్లీ మళ్లీ వాడుకోవడానికి కూడా ఉపాయం ఉండేది. గీతల వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడిచి, పైన బొగ్గు పొడి మూట అద్దితే కింది కాగితం మీద చుక్కలు పడతాయి. ఖాక్ అంటే ధూళి, అందుకే ఉర్దూలో రూపురేఖకి ఖాకా అని పేరు. వెనక బొమ్మ కనపడేంత పలచటి తోలు మీద నకలు తీస్తే అది చర్బా, మన వంటింటి చర్బీకి చుట్టం. కార్‌ఖానాలో ఇలా వాడిన ఖాకాలనీ సగం గీసిన తర్హ్‌లనీ కూడా పారేయకుండా మురఖ్ఖాల్లో అంటించేవాళ్లు. ఇస్తాంబుల్‌లో ప్రష్యా రాయబారిగా పనిచేసిన డీజ్ పట్టుకెళ్లిన ఆల్బమ్‌లు బెర్లిన్‌లో ఉన్నాయి. వాటి నిండా ఇలాంటి పని కాగితాలే. పూర్తయిన బొమ్మ కంటే పెన్సిల్ గీతలు దాచుకునే అమ్మలు నాకు తెలుసు కాబట్టి ఇది నాకు వింతగా అనిపించదు.

చాలెంజ్‌కి జహంగీర్‌ని మించిన షౌఖీను లేడు. చనిపోయిన ఉస్తాదులదైనా బతికున్నవాళ్లదైనా, ఎవరి చెయ్యో చెప్పకుండానే పోల్చగలనని, ఒకే ముఖంలో కన్ను ఒకరు, కనుబొమ్మ ఒకరు వేసినా పట్టేస్తానని తన తుజుక్‌లో రాసుకున్నాడు. 1616లో అజ్మీర్ దర్బారులో ఇంగ్లండ్ రాయబారి థామస్ రో దగ్గర ఒక చిన్న బొమ్మ ఉంటే, నా ముసవ్విర్ దీనికి నకలు చేస్తే నువ్వు నీది గుర్తుపట్టలేవు అని పందెం కట్టాడు. ఒక రాత్రి రోని పిలిపించి ఒకే పలక మీద అంటించిన ఆరు బొమ్మలు చూపించారు. ఒకటి అసలు, ఐదు నకళ్లు. కొవ్వొత్తి వెలుతురులో తనది ఏదో తేల్చుకోవడానికి తికమక పడ్డానని రో తన రోజ్‌నామ్చాలో ఒప్పుకున్నాడు. చివరికి పట్టుకున్నాడు లెండి. కానీ ఆ రాత్రి ఖుషీ అంతా బాదుషాదే.

నకలు అంటే మనకి ఇప్పుడు చిన్నచూపు. వాళ్లకి అది జవాబ్. 1600 ప్రాంతంలో అబుల్ హసన్ అనే పదమూడేళ్ల పిల్లవాడు జర్మన్ ఉస్తాద్ డ్యూరర్ అచ్చుబొమ్మ నుంచి ఒక ఈసాయీ బుజుర్గుని గీశాడు. ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్‌లో ఆ కాగితం ఉంది, పక్కన తన వయసు కూడా రాసుకున్నాడు. పెద్దయ్యాక అతనే జహంగీర్ దగ్గర నాదిరుజ్జమాన్ ఖితాబ్ పొందాడు. తరహీ ముషాయరాలో జరిగేదీ ఇంతే. మిస్రా అందరికీ ఒకటే, బహర్ ఒకటే, రదీఫ్ ఖాఫియా ఒకటే, గజల్ మాత్రం ఎవరిది వాళ్లది. నేను డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు అవధానంలో సమస్యాపూరణం పాఠం వచ్చింది. క్లాసులో మిగతావాళ్లు బుర్ర గోక్కుంటుంటే, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన నాకు మాత్రం వెంటనే అర్థమైంది. అరే, ఇది తరహీ మిస్రాయే కదా!

అన్నీ ముచ్చట్లే కాదు. మొఘల్ మురఖ్ఖాల్లో ఎక్కడ చూసినా మీర్ అలీ హరవీ చేతిరాత కనపడుతుంది. హెరాత్‌లో పేరు పొందిన నస్తాలీఖ్ ఉస్తాద్. ఉజ్బెక్‌లు హెరాత్ మీద పడ్డాక అతన్ని బుఖారాకి పట్టుకెళ్లారు. తన హునరే తన కాళ్లకి సంకెల అయిందన్న బాధ అతను షేర్‌లలో పెట్టుకున్నాడు. అతని ఖిత్ఆ ఒక్కటి దొరికితే చాలని ఢిల్లీ ఆగ్రా ఖజానాలు తెరుచుకునేవి. ఖిత్ఆ అంటేనే తుంట. ఆ తుంటలని కోసి, బంగారం పూసి, పూల హాషియా మధ్య కూర్చోబెట్టారు. బొమ్మల చుట్టూ పాత దీవాన్ల నుంచి కోసిన సన్నటి షేర్ పట్టీలు కూడా అంటించారు. ఈ రాతలని ఓపిగ్గా చదివిన జర్మన్ స్కాలర్ అనెమారీ షిమ్మెల్, చాలాచోట్ల ఆ షేర్లకీ మధ్యలోని బొమ్మకీ సంబంధమే లేదని తేల్చింది. అందం కోసం మానీని కోశారన్నమాట. నాకిది కొంచెం గుచ్చుకుంటుంది. ఉర్దూ అఖ్బార్లలో కాతిబ్‌లు రాసిన కాలమ్‌లని కత్తిరించి షీటు మీద అతికించే పనిని కాపీ జోడ్నా అనేవాళ్లు. కంప్యూటర్ వచ్చే ముందు ఆఖరి రోజుల్లో ఆ పని నేను చూశాను. స్థలం చాలక ఆఖరి రెండు లైన్లు బ్లేడుతో ఎగిరిపోయినప్పుడు రాసినవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మన దక్కన్ కథ వేరే రకం. గోల్కొండ ఆఖరి రోజుల్లో బాదుషాల కోసమే కాదు, బజారు కోసం కూడా మురఖ్ఖాలు తయారయ్యాయి. ఖుతుబ్‌షాహీ, ఆదిల్‌షాహీ, మొఘల్ పాలకుల ముఖాలు సెట్లుగా గీసి వలందేజులకీ మిగతా ఫిరంగీలకీ అమ్మేవాళ్లు. ఆమ్‌స్టర్‌డాం మేయరు విట్సెన్ దగ్గరికి చేరిన అలాంటి ఆల్బమ్ అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది, 49 బొమ్మలు, 1686 ప్రాంతానివి. అంటే 1687లో ఔరంగజేబు సైన్యం కోట పట్టుకోవడానికి కాస్త ముందు. రాజ్యం పోయింది, ఆ ముఖాలు హాలెండ్‌లో మిగిలాయి.

మురఖ్ఖాలు చెల్లాచెదురైంది మాత్రం యుద్ధాల వల్లే కాదు. 1739లో నాదిర్ షా ఢిల్లీ ఖజానా ఊడ్చుకెళ్లాడు. జహంగీర్ మురఖ్ఖా-ఎ-గుల్షన్ ఇవాళ టెహ్రాన్ గులిస్తాన్ మహల్‌లో ఉంది. బాధేమిటంటే, దోచుకెళ్లిన చోట చాలా వరఖులు కలిసే ఉన్నాయి, డబ్బిచ్చి కొన్నచోట విడిపోయాయి. మింటో ఆల్బమ్‌ని 1925లో లండన్ వేలంలో ముక్కలు చేసి పంచుకున్నారు. షాజహాన్ కాలపు మురఖ్ఖా ఒకటి 1929లో స్కాట్లండ్‌లో పాత సామాన్ల దుకాణంలో వంద పౌండ్ల లోపే దొరికింది. అది ఇప్పుడు 41 వరఖులు న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో, 9 వాషింగ్టన్‌లో ఉంది. మురఖ్ఖాలో పుస్తకం తెరిస్తే రెండు పేజీలు కలిసి మాట్లాడాలి. బొమ్మ ఎదురుగా బొమ్మ, రాత ఎదురుగా రాత, రెండిటికీ జోడీ హాషియా. వరఖు విడిగా ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే ఆ గుఫ్తగూ ఆగిపోతుంది. ఏ వరఖుకి ఏది జోడీనో తేల్చడానికి పరిశోధకులు ఇప్పుడు అంచుల్లోని చిన్న అంకెలూ హాషియాలోని పూల జాతులూ సరిపోల్చుకుంటున్నారు.

మన ఇళ్ల సంగతి కూడా ఇంతే. మా నానీ బయాజ్‌లో నాత్‌లు, నుస్ఖాలు, ఎవరిదో పెళ్లి సెహ్రా కత్తిరించిన కాగితం, హజ్‌కి పోయిన తమ్ముడి ఉత్తరం, అన్నీ ఒక వరసలో అంటించి ఉండేవి. ఆమె పోయాక పంపకాల్లో ఎవరికి కావలసిన కాగితం వాళ్లు ఊడదీసుకున్నారు. ఎవరిదీ తప్పనను. కాగితాలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఉత్తరం పక్కన ఆ సెహ్రానే ఎందుకు పెట్టిందో మాత్రం ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

జోడీలు చెదరకుండా బయటపడిన మురఖ్ఖాల్లో ఒకటి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. షాజహాన్ పెద్దకొడుకు దారా షికోహ్ తన బీబీ నాదిరా బానూకి ఇచ్చినది. 1633లో వాళ్ల నికాహ్ అయింది. 1640లలో దారా తన చేత్తోనే ఆమె పేరు రాసి, ప్రియమైన హమ్‌రాజ్‌కి ఇస్తున్నానని అందులో రాశాడు. లోపల పిట్ట ఎదురుగా పిట్ట, పువ్వు ఎదురుగా పువ్వు, ముఖానికి ఎదురుగా ముఖం. 1659లో ఔరంగజేబు చేతిలో ఓడి పారిపోతుండగా నాదిరా దారిలోనే చనిపోయింది. లాహోర్‌లో మియాఁ మీర్ దగ్గర దఫన్ చేయించాడు. కొద్ది వారాలకే దారాని ఢిల్లీలో ఖతల్ చేశారు. ఆ తర్వాత మురఖ్ఖాలోని దారా రాత మీద ఎవరో బంగారు రంగు పూసేశారు. దారా పేరు ఆ పూత కింద పోయినా, అతను కూర్చిన వరస చాలావరకు అలాగే మిగిలింది. ఆ బంగారం కింద అక్షరాలని నిపుణులు తర్వాత చదివారు. నాదిరా బానూ పేరు అందులో ఉంది.