ఓరుగల్లు యుద్ధం, ఒక చిత్రకారుడి నవల

కాకతీయ రాణి రుద్రమదేవి పేరు వినగానే గోన గన్నారెడ్డి కూడా గుర్తుకొస్తాడు. 2015లో గుణశేఖర్ తీసిన సినిమా ఈ జంట పేర్లను మరింత గట్టిగా ముడివేసింది. శాసనాల్లో మాత్రం గన్నారెడ్డికి దక్కిన చోటు చాలా చిన్నది. వర్ధమానపురం ఏలిన గోన వంశం కల్పన కాదు. రంగనాథ రామాయణ కర్తగా చెప్పుకునే బుద్ధారెడ్డి ఆ వంశంవాడే. 1294లో రాయచూరు కోట కట్టించి శాసనం చెక్కించిన గోన విఠలుడూ అంతే. కానీ పెళ్లిపందిట్లోంచి వరుణ్ణి ఎత్తుకుపోయి, లోలోపల రాణికి అండగా నిలిచే గజదొంగ మాత్రం అడివి బాపిరాజు 1940లలో రాసిన ‘గోన గన్నారెడ్డి’ నవలలోంచి వచ్చినవాడు. అందుకే ఆ నవలను అందమైన అబద్ధమని తోసిపుచ్చే చరిత్రాభిమానులు ఉన్నారు. నాకు తోచేది వేరు. బాపిరాజు మనిషిని కల్పించారు గానీ యుద్ధాన్ని కల్పించలేదు. ఆ యుద్ధం అసలు దేని మీద నడిచిందో ఆయన పట్టుకున్నారు.

1895లో భీమవరం ప్రాంతంలో పుట్టిన బాపిరాజు రాజమహేంద్రవరం కళాశాలలో ప్రిన్సిపాల్ కూల్డ్రే శిష్యుడు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్లారు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు, న్యాయవాదిగా పనిచేశారు, సినిమాలకు కళాదర్శకత్వం కూడా చేశారు. తర్వాత హైదరాబాద్‌లో మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులయ్యారు. సర్కారు జిల్లాల మనిషి నిజాం రాజధానిలో కూర్చుని కాకతీయుల కథ ఎత్తుకోవడంలో రాజకీయం లేదనుకోలేం. తెలుగువాళ్లంతా ఒకే పాలన కింద బతికిన కాలాన్ని గుర్తుచేయడం అప్పటికి పాత అలవాటే. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర పుస్తకాలనూ చారిత్రక నవలలనూ కలిపే ప్రోత్సహించింది. ఆ ఒరవడిలో వచ్చిన చాలా నవలల్లో యుద్ధమంటే రాజు శౌర్యమే. బాపిరాజు ఆ బరువును రాజు మీద నుంచి సామంతుల మీదికి మార్చారు.

శాసనాలు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. 1262 ప్రాంతంలో రుద్రమ గద్దెనెక్కాక, శత్రువు ఎంత బలవంతుడన్న దానికన్నా పెద్ద ప్రశ్న, తనవాళ్లలో ఎవరు నిలుస్తారన్నది. ఒక్క కాయస్థ సామంత వంశాన్నే చూడండి. జన్నిగదేవుడు, త్రిపురారి విధేయులుగా ఉన్నారు. వాళ్ల తమ్ముడు అంబదేవుడు ఎదురుతిరిగి, 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపులు ఏకరువు పెట్టుకున్నాడు. నవలలో సామంతుల కుట్రలు, బంధువుల మధ్య చీలికలు, పైకి దొంగగా కనిపిస్తూ లోపల నమ్మకంగా ఉండే గన్నారెడ్డి, అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. గన్నారెడ్డి ముసుగు కల్పితమే, ఆ ముసుగు అవసరమైన పరిస్థితి కల్పితం కాదు.

దేవగిరి యుద్ధం మాటేమిటని అడగవచ్చు. రుద్రమ దేవగిరి యాదవ రాజు మహాదేవుణ్ణి ఓరుగల్లు కోట దగ్గర ఓడించి, దేవగిరి దాకా తరిమి, కోటి బంగారు నాణేలు రాబట్టిందని ప్రతాపరుద్ర చరిత్రం చెబుతుంది. అది కాకతీయుల పతనం తర్వాత చాలాకాలానికి రాసిన పుస్తకం. యాదవుల ఆస్థానంలోని హేమాద్రి లెక్క వేరు: ఆడది కదా అని మహాదేవుడే ఆమెను వదిలేశాడట! ఓడినవాళ్లు ఇలాంటి మాటలు చెప్పుకోవడం కొత్తేమీ కాదు. బీదరు కోటలో దొరికిన శాసనం రుద్రమ సామంతుడైన సింద భైరవుణ్ణి అక్కడ చూపిస్తుంది కాబట్టి, కాకతీయ సేన యాదవుల నేల మీద అడుగుపెట్టిందన్నది నమ్మదగ్గ మాట. కోటి నాణేల మాట అలా కాదు. నవలాకారుడు పెద్ద కథనే ఎంచుకున్నారు. అందుకు ఆయన్ని తప్పుపట్టను. ఆ కథనే చరిత్రగా అప్పజెప్పే మనల్ని తప్పుపట్టాలి.

నవలకు నిజమైన లోటు మరొకచోట ఉంది. బాపిరాజు చిత్రకారుడి కన్నుతో చూశారు. గుర్రాలు, కవచాలు, తోరణాలు, గొప్ప వంశాల యువకులు ఆ చూపులో పడ్డారు. రుద్రమ, ఆమె మనవడు ప్రతాపరుద్రుల కాలంలో పాత సామంత వంశాలు వెనకబడి, ఏ పెద్ద వంశమూ లేని నాయకులు, అంగరక్షకులు పైకొచ్చారని శాసనాలను లెక్కగట్టి చూపింది చరిత్రకారిణి సింథియా టాల్బట్. సైనిక సేవకు బదులుగా నాయకులకు భూములిచ్చే నాయంకర పద్ధతి బలం అదే. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనాన్ని చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. శివలోకానికి వెళ్లిన రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమిని దానమిచ్చినవాడు పువ్వుల ముమ్మడి అనే బంటు. ఇద్దరినీ ఒకేసారి తలుచుకోవడం వల్లే ఆమె అంబదేవుడితో యుద్ధంలో పోయిందని చరిత్రకారులు ఊహించారు. శాసనం ఆ మాట సూటిగా అనదు. 1952లో కన్నుమూసిన బాపిరాజుకు ఈ చర్చ అందలేదు, కాబట్టి రాణి మరణం తెలియకపోవడం ఆయన తప్పు కాదు. కానీ ముమ్మడి లాంటి బంట్లు ఆయనకు తెలిసిన కాకతీయ శాసనాల్లోనూ ఉన్నారు. నవలలో వాళ్లు సేనలో తలకాయలుగా మిగిలిపోయారు.