గాజు తలుపుకు పిల్లి కంత

కోల్‌కతాలోని అనేక ఫ్లాట్లలో వరండాకు గాజు తలుపులు ఉంటాయి. అటువంటి తలుపుకు అడుగున కంత చేసి, పెంపుడు పిల్లి వచ్చిపోయేందుకు ఊగే రెక్క అమర్చాలనుకుందాం. పని చిన్నదే. అయితే ఆ కంతను ఎప్పుడు చేయాలన్నది పెద్ద ప్రశ్న. దానికి జవాబు విజ్ఞాన చరిత్రలో ఉంది.

పిల్లి కంత కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథడ్రల్‌లో ఖగోళ గడియారం కింది తలుపుకు అలాంటి కంత నేటికీ కనిపిస్తుంది. విలియం కాటన్ అక్కడ బిషప్‌గా ఉన్న కాలంలో (1598–1621) వడ్రంగులు దానిని తొలిచారు. అది కొయ్య తలుపు. కొయ్య ఉలి తగిలినంత మేరకే తెగుతుంది. గాజు స్వభావం వేరు.

నిజానికి గాజును మనం కోయం. వజ్రపు ములికితోగాని, ఉక్కు చక్రంతోగాని పైన సన్నని గీత గీస్తాం. తరువాత మెల్లగా తడితే పగులు ఆ గీత వెంట నడుస్తుంది. సన్నని గీతకు అంత శక్తి ఎక్కడిది? పలకలోని రంధ్రాల అంచుల వద్ద, ముఖ్యంగా పదునైన మూలల వద్ద, ప్రతిబలం ఎన్నో రెట్లు పెరుగుతుందని 1913లో చార్లెస్ ఇంగ్లిస్ గణితంతో చూపాడు. కంటికి కనిపించని పగుళ్లే గాజును బలహీనపరుస్తాయని 1920లో ఎ. ఎ. గ్రిఫిత్ వివరించాడు. గాజుకు అమర్చే పిల్లి కంత గుండ్రంగా ఉండటానికి కారణం ఇదే. చతురస్రంగా చేస్తే దాని మూలల నుంచే పగులు మొదలవుతుంది.

ఇంతవరకు చెప్పింది మామూలు గాజు సంగతి. టఫెన్డ్ గాజు కథ వేరు. 1660లో రూపర్ట్ రాకుమారుడు కొన్ని వింత గాజు బిందువులను ఇంగ్లండుకు తెచ్చాడు. కరిగిన గాజును నీటిలో జారవిడిస్తే అవి ఏర్పడతాయి. వాటి తల సుత్తి దెబ్బకు కూడా తట్టుకుంటుంది. తోక చిదిమితే మాత్రం బిందువంతా పొడి అవుతుంది. పైపొర ముందుగా గట్టిపడి, లోపలి భాగం తరువాత చల్లబడటం వల్ల ఉపరితలంలో సంపీడనం, లోపల తన్యత నిలిచిపోతాయి. పగులు లోపలి పొరకు చేరిందంటే ఇక ఆగదు. అది సెకనుకు 1,450 నుంచి 1,900 మీటర్ల వేగంతో పరుగెడుతుందని 1994లో ఎస్. చంద్రశేఖర్, ఎం. ఎం. చౌధ్రి అతివేగపు ఛాయాచిత్రాలతో కొలిచారు.

ఈ గుణాన్ని ఉపయోగకరంగా మలచుకుని, వేడి గాజును నూనె, కొవ్వు తొట్టెలో ముంచి గట్టిపరిచే పద్ధతికి ఫ్రాన్స్‌కు చెందిన ద లా బాస్తీ 1874లో పేటెంట్ పొందాడు. నేడు పలకను 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలి ధారలతో ఒక్కసారిగా చల్లబరుస్తారు.

దీనికి సరిగ్గా ఎదురైన విద్యను చూడాలంటే కోల్‌కతాలోని జాదవ్‌పూర్‌కు వెళ్లాలి. కేంద్ర గాజు, పింగాణీ పరిశోధన సంస్థ 1950లో అక్కడ ప్రారంభమైంది. ఆత్మారాం నాయకత్వంలో ఆ సంస్థ కటకాలకు కావలసిన ఆప్టికల్ గాజును తయారుచేసింది. కటకంలో ప్రతిబలం మిగిలితే ప్రతిబింబం చెడుతుంది. అందుకే ఆ గాజును చాలా నెమ్మదిగా చల్లారుస్తారు. దీనినే మందశీతలీకరణం అంటారు. చల్లార్చే తీరును బట్టి గాజులో మిగిలే ప్రతిబలం మారుతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మందశీతలీకరణం జరిగిన పలకకు గుండ్రని కంత తరువాతైనా చేయవచ్చు. టఫెన్డ్ పలకకు ములికి లోతుగా దిగితే తలుపంతా చిన్న ముక్కలై రాలుతుంది. కనుక కొత్త పలకను ముందుగా కొలతకు కోయించి, కంత చేయించి, అంచులు నున్నగా రుద్దించాలి. ఆ తరువాతే దానిని కొలిమికి పంపాలి.

మీ ఇంటి గాజు ఏ రకమో తెలుసుకోవడానికి ముందు పలక మూలన ముద్ర ఉందేమో చూడండి. పోలరాయిడ్ కళ్లద్దాలతో కూడా పరిశీలించండి. ఆకాశపు వెలుగులో ఏటవాలుగా చూస్తే టఫెన్డ్ గాజులో నీడ మచ్చలు తరచు కనిపిస్తాయి. ముద్ర లేదు, మచ్చలు లేవు అన్నంత మాత్రాన మామూలు గాజేనని తీర్మానించకండి. సందేహం ఉంటే గాజు పనివాడికి చూపించిన తరువాతే పలక మీద ములికి పెట్టనివ్వండి.