కమ్మచ్చు: లోహతంతు శిల్ప చరిత్రలో ఒక ప్రకరణము

ఆభరణముల చరిత్రను వ్రాయువారు హారములను, మకుటములను, వానిని ధరించిన రాజవంశములను గూర్చి పుటలకొలది వ్రాయుదురు గాని, వానిని రూపించిన పనిముట్ల ప్రసక్తి వచ్చినపుడు రెండు మాటలతో సరిపుచ్చుకొని ముందునకు సాగిపోవుదురు. ఇది న్యాయము గాదు. కంసాలి ముంగిట కనబడు దాగలి, సుత్తి, పట్టుకారు, శ్రావణము, ఆకురాయి, మూస, ఊదుగొట్టము అనువానిలో పెక్కింటి చరిత్ర రాజవంశముల చరిత్రలకంటె దీర్ఘమైనది. ఈజిప్టు దేశమున సక్కారాలోని మెరెరుకా సమాధి గోడలపై, సుమారు 4,300 సంవత్సరముల క్రిందట చెక్కిన శిల్పములలో, స్వర్ణకారులు కొలిమి చుట్టు కూర్చుండి గొట్టములతో ఊదుచుండుటయు, లోహమును తూచుటయు, పిడిలేని రాళ్లతో రేకును సాగగొట్టుటయు నేటికిని చూడవచ్చును. అయితే ఈ పరికరములన్నిటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది, చూపునకు అన్నిటికంటె సామాన్యముగా కనబడునదియు, పుట్టుకచే వీనిలో చాలవానికి చిన్నదియు నగు కమ్మచ్చు.

కమ్మచ్చనగా గట్టి ఉక్కు పలక. దానియందు పెద్దదానినుండి చిన్నదానివఱకు వరుసగా రంధ్రములుండును. ప్రతి రంధ్రమును ఒక ప్రక్క వెడల్పై, తీగ వెలువడు ప్రక్కకు పోను పోను సన్నగిలును. పోతపోసి కొట్టిన లోహపు కడ్డీ కొనను ఆకురాతితో సన్నముచేసి, రంధ్రమున దూర్చి, ఆవలి ప్రక్కనుండి పట్టుకారుతో పట్టి యీడ్చినయెడల, కడ్డీ ఆ రంధ్రపు కొలతకు లోబడి సన్నబడుచు పొడవగును. లోహమిందు ఏమాత్రమును నశింపదు గనుక, వ్యాసము సగమైనపుడు పొడవు నాలుగింతలగును. కాని ఈడ్చినకొలది లోహము బిరుసెక్కును. ఆ బిరుసును గమనింపక మఱల ఈడ్చినచో తెగిపోవును. కావున కొన్ని రంధ్రములు దాటగానే తీగను కుంపటిలో కాచి మెత్తబఱచి, మైనమో నూనెయో రాచి, మఱల తరువాతి రంధ్రమునకు పెట్టవలెను. ఈ ఓర్పునకు బంగారమిచ్చు ప్రతిఫలము ఆశ్చర్యకరమైనది: ఒక్క గ్రాము మేలిమిని రెండు కిలోమీటర్లకు పైగా తీగ తీయుటకు వీలున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

కమ్మచ్చు లేని కాలమున తీగ లేకపోలేదు. మెసపొటేమియాలోని ఊర్ నగరపు రాజసమాధులలో, 1922 మొదలు 1934 వఱకు లియొనార్డ్ వూలీ జరిపించిన త్రవ్వకములలో, బంగారు తీగతో అల్లిన గొలుసులు బయల్పడినవి. అవి సుమారు 4,500 ఏండ్లనాటివి. అప్పటి శిల్పులు బంగారమును పలుచని రేకుగా కొట్టి, దానినుండి సన్నని పేలికలు కత్తిరించి, పేలికను దీపపు వత్తివలె మెలిపెట్టి, రెండు చదునైన పలకల నడుమ దొర్లించి గుండ్రము చేయు పద్ధతి ప్రాచీన ప్రపంచమున విస్తారముగా వ్యాపించి యుండెను. బైబిలులోని నిర్గమకాండమున, యాజకుని ఏఫోదు అను వస్త్రము కొరకు బంగారమును రేకులుగా కొట్టి తీగలుగా కత్తిరించినట్లు చెప్పబడియుండుట ఆ కాలపు పరిజ్ఞానమునకు అనుగుణముగనే యున్నది. ఇట్టి తీగను భూతద్దముతో పరిశీలించినచో మెలిక వెంబడి చుట్టుకొని పోవు అతుకు గీత కనబడును. కమ్మచ్చున తీసిన తీగపైననో నిలువున సమాంతరముగా సాగు గీతలు కనబడును. ఒక ఆభరణము ప్రాచీనమో, పిమ్మటి కాలమున పుట్టిన నకిలీయో తేల్చుటకు ప్రదర్శనశాలల నిపుణులు ఈ గీతలనే సాక్ష్యముగా గైకొనుచున్నారు. చేతిమెలికతో వెండ్రుకవంటి తీగను సమానమైన మందముతో సాధించిన ఆ అజ్ఞాత శిల్పుల నైపుణ్యము, పిదప పుట్టిన ఏ సాధనముచేతను చిన్నబోవునది గాదు.

మన దేశమున ఈ విద్య రాజ్యాంగపు దృష్టిని చాల పూర్వమే ఆకర్షించినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సువర్ణాధ్యక్షుని ప్రకరణమునందు బంగారు పనులు క్షేపణము, గుణము, క్షుద్రకము అని మూడు విధములుగా విభజింపబడినవి. మణులను పొదుగుట మొదటిది. సూత్రముల అల్లిక మొదలగునవి రెండవది. ఘనముగానో బోలుగానో చేయు చిన్న వస్తువులు మూడవది. తంతువులతో చేయు పనిని ప్రత్యేక శాఖగా గుర్తించుటయే దాని ప్రాముఖ్యమునకు తార్కాణము. ఆ గ్రంథము కంసాలులు చేయు మోసములను కూడ సవిస్తరముగా వర్ణించుటవలన, ఆనాటి పనివాని చేతివాటమును గూర్చి రాజునకెంత జాగరూకత యుండెనో విదితమగుచున్నది.

కమ్మచ్చు ఎక్కడ, ఎన్నడు పుట్టినదను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. రోమనుల కాలపు ఇనుప పలకలు కొన్నిటిని కమ్మచ్చులని యెంచినవారు గలరు; కాని రంధ్రములున్న ప్రతి పలకయు తీగ తీయుటకే యని చెప్పుట సాహసమని నా యభిప్రాయము. ఆభరణముల తీగలను సూక్ష్మదర్శినితో పరీక్షించిన పిమ్మట, ఐరోపాలో క్రీస్తుశకము ఆరేడు శతాబ్దుల ప్రాంతమున దీని వాడుక నెలకొన్నదని పలువురు అంగీకరించుచున్నారు. వ్రాతలో దీని స్పష్టమైన వర్ణనమును పండ్రెండవ శతాబ్దికి చెందిన జర్మను సన్యాసి థియోఫిలస్ రచించిన శిల్పగ్రంథమున చూడవచ్చును. మూడు వ్రేళ్ల వెడల్పుగల ఇనుప పరికరమున మూడు నాలుగు వరుసల రంధ్రములు చేసి తీగ తీయు విధానమును, తీగపై పూసలవంటి గుండ్లు తేలునట్లు చేయు మఱియొక సాధనమును ఆయన పనివానికి పనివాడు చెప్పినట్లు వివరించినాడు.

పిమ్మటి మార్పులు ఈడ్చు బలమునకు సంబంధించినవి. మందమైన ఇనుప తీగకు మనుష్యుని చేతిబలము చాలదు. జర్మనీ దేశపు న్యూరెంబర్గు నగరమున పదునైదవ శతాబ్ది ఆరంభపు చిత్రమొకటి, తీగ తీయువాడు ఊయలపై కూర్చుండి, పాదములతో తన్నుకొని వెనుకకూగుచు ఆ వేగముతో తీగను లాగుట చూపుచున్నది. మానవదేహమునంతటిని పనిముట్టుగా మార్చిన ఆ యోజన ఎంతయో మెచ్చదగినది. అనంతరము నీటి చక్రములు ఆ శ్రమను గైకొన్నవి. ఆ నగరపు నది యొడ్డున నున్న తీగమిల్లును యువకుడైన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ చిత్రించెను. 1819లో విలియం బ్రాక్‌డన్ అను ఆంగ్లేయుడు వజ్రము, కెంపు, నీలము మొదలైన రత్నములను తొలిచిన రంధ్రముల గుండ తీగను తీయు పద్ధతికి పేటెంటు పొందెను. ఉక్కు రంధ్రము అరిగినకొలది తీగ మందము మారును. వజ్రమున ఆ దోషము లేశమాత్రమే. ఇరువదవ శతాబ్దిలో టంగ్‌స్టన్ కార్బైడు అచ్చులు వచ్చినవి.

మన నేతగాండ్ర చీరలకును కమ్మచ్చునకును గల బంధము చిరకాలమునాటిది. వెండి కడ్డీపై బంగారు రేకును తొడిగి కమ్మచ్చున ఈడ్చునపుడు, లోపలి వెండితోపాటు పైపొరయు సన్నగిలుచు, ఎంత పొడవైనను తెగక తీగను కప్పియే యుండును. ఆ తీగను చదునుచేసి పట్టుదారముపై చుట్టినదియే పూర్వపు జరీ. సూరతులో తయారగు జరీ గద్వాల, వేంకటగిరి మగ్గములకు చేరి అంచులను, కొంగులను వెలిగించినది.

తెలంగాణమున తీగ తానే శిల్పమైనది కరీంనగరమున. ఎలగందులలో వర్ధిల్లి కరీంనగరమునకు తరలిన ఈ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. అత్తరు దానులు, పాన్ దానులు, ఆభరణముల పెట్టెలు ఇచ్చటి పనివారి ప్రసిద్ధ కృతులు. వెండిని కరగించి కమ్మచ్చున అతిసూక్ష్మముగా తీసి, రెండు తీగలను జంటగా మెలిపెట్టి చదునుచేయుదురు. మందమైన తీగతో ముందు చట్రమును కట్టి, ఈ జంటతీగను శ్రావణముతో ఆకులుగను, చుట్టలుగను వంచి దానిలో నింపుదురు. తీగ తీయుపనిని యంత్రమునకు అప్పగింపవచ్చును గాని ఈ నింపుడు చేతిపనియే. పిదప వెలిగారము చల్లి టంకముతో అతుకుదురు. వెండి కరగు వేడిమి 961 డిగ్రీలు. టంకము దానికంటె తక్కువ వేడిమిలో కరగవలెను. తీగ వెండ్రుకవలె సన్నమైనందున, ఆ యెడము దాటి మంట క్షణకాలము నిలిచినచో నింపిన పనియంతయు ముద్దయై పోవును. అందుచే పనివాడు వెండి రంగు మారుటను, టంకము మెరసి పాఱుటను కనిపెట్టి మంటను వెంటనే తొలగించును.