గుండెకు గొట్టం, వీపుకు కిరణం

మన సభ్యుల్లో యాంజియోగ్రాం చేయించుకున్నవారు చాలామందే ఉన్నారు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. 1929లో జర్మనీ డాక్టరు ఫోర్స్‌మన్ తన చేతి రక్తనాళంలోంచి గుండెకు గొట్టం పంపుకొని, నడిచి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. సాహసమంటే అదీ! 1977లో జ్యూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ బెలూనుతో పూడిక తీశాడు. దాంతో రోగి ఎక్స్‌రే కింద ఉండే సమయమూ పెరిగింది. కొందరికి వారాల తర్వాత వీపున కాలినట్లు పుండ్లు లేచాయి. 1994లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. ఎక్స్‌రే నిపుణులు చదివిన రేడియేషన్ పాఠం గుండె డాక్టర్లలో చాలామంది చదవలేదు. వారికీ శిక్షణ కావాలని 2000లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ చెప్పింది. నేర్పేది బ్రహ్మవిద్యేమీ కాదు. బొమ్మ అక్కర్లేనప్పుడు పెడలు మీంచి కాలు తీయడం, కిరణం ఒకేచోట పడకుండా కోణం మార్చడం, పడిన మోతాదు రాసిపెట్టడం. చివరిది అచ్చంగా మన గుమాస్తా పనే! రెండోసారి స్టెంటుకు వెళ్ళేవారు పాత కాగితాలు వెంట తీసుకెళ్ళండి. తర్వాత వీపు ఎర్రబడితే ఆ డాక్టరుగారికే చూపించండి.