ఆక్సిజన్ ఎక్కువైనా అలారమే!

మొన్న అక్క కూతుర్ని చూడ్డానికి ఎన్ఐసీయూకి వెళ్లా. ఏడో నెలలోనే వచ్చేసింది, బరువు కిలో పైచిలుకు. మానిటర్ మీద ఆక్సిజన్ 97 కి చేరగానే అలారం మోగింది. సిస్టర్ వచ్చి ఆక్సిజన్ తగ్గించింది! "తక్కువైతే కదా కంగారు?" అనడిగా. "ఎక్కువైనా ప్రమాదమే సార్, కళ్లకి" అంది. ఇంటికొచ్చి తవ్వితే బయటపడిన కథ ఇది.

1942 లో బోస్టన్‌లో టెర్రీ అనే కళ్ల డాక్టరు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఒక కొత్తరకం అంధత్వాన్ని గుర్తించాడు. తర్వాత పదేళ్లలో సుమారు పదివేలమందికి చూపు పోయింది. విచిత్రం ఏంటంటే, మంచి సౌకర్యాలున్న ఆస్పత్రుల్లోనే ఇది ఎక్కువ. విటమిన్ ఇ లోపమేమో అని అదీ ఇచ్చి చూశారు. 1951 లో మెల్బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ అసలు దొంగని అనుమానించింది. ఊపిరి అందాలని ఇంక్యుబేటర్‌లోకి ధారాళంగా వదులుతున్న ఆక్సిజనే! 1953-54 లో అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి చేసిన ట్రయల్ దాన్ని రుజువు చేసింది.

బగ్ దొరికింది, కథ కంచికి అనుకుంటున్నారా? ఆ ట్రయల్‌లోకి పిల్లల్ని తీసుకున్నది పుట్టిన 48 గంటల తర్వాత. అంటే మొదటి రెండు రోజుల్లో ఏం జరుగుతుందో టెస్టే చెయ్యలేదు. ఆక్సిజన్ 40 శాతం దాటకూడదని మాత్రం పుట్టిన క్షణం నుంచీ అందరికీ అమలు చేసేశారు. చూపు నిలిచింది, కానీ ఊపిరందక పోయిన ప్రాణాలు పెరిగాయి. కాపాడిన ఒక్కో చూపుకీ సుమారు 16 ప్రాణాలు పోయి ఉంటాయని 1973 లో క్రాస్ అనే డాక్టరు అంచనా వేశాడు.

అయినా బుద్ధి రాలేదు. 1983 చివర్లో, సరైన పరీక్షలూ ప్రభుత్వ అనుమతీ లేకుండానే, నరంలోకి ఎక్కించే విటమిన్ ఇ మందు అమెరికా మార్కెట్లోకొచ్చింది. పేరు ఇ-ఫెరాల్. విటమినే కదా, ఏమవుతుందిలే! 1984 ఏప్రిల్లో వెనక్కి తీసుకునేసరికి 38 మంది పసిపిల్లల మరణాలు దాని ఖాతాలో పడ్డాయి.

2010 లో వచ్చిన ఇంకో పెద్ద ట్రయల్‌లో, రక్తంలో ఆక్సిజన్ 85-89 మధ్య ఉంచిన పిల్లల్లో కంటిజబ్బు తగ్గింది, మరణాలు పెరిగాయి. అందుకే ఇప్పుడు చాలాచోట్ల 91-95 మధ్య ఉంచుతున్నారు.

పాప కోలుకుంటోంది. అలారం మోగితే బావ ఇంకా ఉలిక్కిపడుతున్నాడు. నాకు మాత్రం ఆ రెండు అంకెల వెనకున్న పిల్లలు గుర్తొస్తున్నారు. ఆఫీసులో "ముందు రిలీజ్ చేసేద్దాం, టెస్టింగ్ తర్వాత చూద్దాంలే" అనడానికి ఇప్పుడు నోరు రావట్లేదు.