చదరంగపు గింజల సంఖ్య

1,84,46,74,40,73,70,95,51,615 ఇరవై అంకెల బేసి సంఖ్య. గణిత సంకేతాల్లో 2⁶⁴ − 1. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఇన్ని గింజలవుతాయి. దీనికి పేరు తెచ్చింది పరిమాణమే అయినా, గణితంలో దీని విలువ ఇది ఏయే ప్రధాన సంఖ్యలుగా విడిపోతుందన్న దానిలో ఉంది.

అల్ బీరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలో ఈ మొత్తాన్ని లెక్కగట్టాడు. 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ గింజల కథను రాశాడు. తెలుగులో ఇది పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన పద్యంలో కనిపిస్తుంది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన ఆ కవి అంకెలకు బదులు భూతసంఖ్యలు వాడాడు: ఆకాశమంటే సున్న, చంద్రుడంటే 1, వేదాలంటే 4. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే ఇరవై అంకెలూ తప్పు లేకుండా వస్తాయి. ఛందస్సును, గణితాన్ని ఇంత చక్కగా పొదిగిన పద్యాలు అరుదు. అంకెలు చేతికి వచ్చాక రెండు కారణాంకాలు చూడగానే తెలుస్తాయి: చివర 5 ఉంది కనుక 5 భాగిస్తుంది; అంకెల మొత్తం 87 కనుక 3 భాగిస్తుంది, 9 భాగించదు.

మిగతా కారణాంకాలూ బీజగణితం ఇచ్చేవే కదా, ఇందులో విశేషమేమిటని అడగవచ్చు. వర్గాల భేద సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ వాడితే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65,537, 429,49,67,297ల లబ్ధమని తేలుతుంది. ఇవి వరుసగా మొదటి ఆరు ఫెర్మా సంఖ్యలు. ఆ సూత్రం అక్కడితో ఆగిపోతుంది. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో అది నిజం. ఆరోది 641 × 67,00,417 అని 1732లో ఆయిలర్ చూపాడు. దాని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే 1 శేషం ఇవ్వాలని ఆయనే తర్వాత నిరూపించాడు. ఆ లక్షణం ఉన్న ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నానికే జవాబు దొరుకుతుంది. సూత్రం ఇవ్వలేనిది ఈ ఒక్క మెట్టే, సంఖ్య చరిత్రలో మేలిమి ఘట్టమూ ఇదే.

ఇలా ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటి ఒక్కసారే వస్తాయి కనుక భాజకాలు 128. మొదటి ఐదు ఫెర్మా సంఖ్యల లబ్ధం 429,49,67,295. గాస్ 1801లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం అన్ని భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయడం సాధ్యమే. బేసి భుజాల్లో ఇంతకంటే పెద్దది ఇప్పటికీ తెలియదు. 641 అడ్డుపడడం వల్ల గింజల సంఖ్యకు ఆ గౌరవం దక్కలేదు. 1883లో ల్యూకా 64 బిళ్ళల హనోయ్ గోపురానికి కావలసిన ఎత్తుగడలు సరిగ్గా ఇన్నేనని చూపాడు. కంప్యూటర్‌లో 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్యా ఇదే. దీనికి 2 కలిపితే తర్వాతి ఫెర్మా సంఖ్య వస్తుంది. దాన్ని 2,74,177 భాగిస్తుందని 1880లో లాండ్రీ కనుగొన్నాడు.