వాచీ అద్దంలో మాసిపోయిన అంకెలు

‘ద్రవస్ఫటికము’ అనే మాట వినగానే నాబోటి తెలుగు పండితుడికి మొదట కలిగేది సందేహం. ద్రవమైన స్ఫటికమని విగ్రహవాక్యం చెప్పి, విశేషణ పూర్వపద కర్మధారయమని తేల్చవచ్చు. కాని ప్రవహించేది ద్రవం. అణువులు బారులు తీరి నిలిచేది స్ఫటికం. ఈ రెండింటికీ పొత్తు ఎక్కడిది? ఆలంకారికులు దీన్ని విరోధాభాస మంటారు. పైకి విరోధంగా తోచి, విచారిస్తే ఆ విరోధం తొలగిపోవడం దాని లక్షణం.

1888లో ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టరాల్‌కు సంబంధించిన ఒక పదార్థాన్ని వేడిచేసి చూశాడు. 145.5 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అది కరిగి, మడ్డి నీళ్లలా అయింది. 178.5 డిగ్రీల దగ్గర హఠాత్తుగా తేటపడింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటని ఆయన జర్మనీలోని ఓటో లేమన్‌కు నమూనాలు పంపాడు. లేమన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆ మడ్డి దశలో ద్రవానికి స్ఫటిక లక్షణాలున్నాయని నిర్ధారించాడు. ఆ తరువాత దాదాపు ఎనభై యేళ్లపాటు అది ప్రయోగశాలల్లో వింతవస్తువుగానే మిగిలింది. మన దేశంలోనూ ఈ విద్యకు పీఠం ఉంది. సి.వి. రామన్ గారి మేనల్లుడు ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు 1977లో బెంగళూరు రామన్ పరిశోధనాలయంలో బిళ్లల ఆకారపు అణువులు కూడా ద్రవస్ఫటికాలు కాగలవని తొలిసారిగా నిరూపించారు.

ఇక వాచీల కథ. 1972లో అమెరికాలో వెలువడిన పల్సర్ వాచీ ధర 2,100 డాలర్లు. దాని అంకెలు ఎర్రని దీపాల్లా వెలిగేవి. ఆ వెలుగు బ్యాటరీని తినివేస్తుంది కనుక మీట నొక్కితే తప్ప కనిపించేవి కావు. ఒక చేతికి వాచీ ఉంటే రెండో చేయి ఖాళీగా ఉండాలన్నమాట! కూరల సంచీ పట్టుకున్నవాడికి కాలజ్ఞానం లేనట్లే. ఈ చిక్కును తీర్చింది ద్రవస్ఫటికమే. స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ 1970 డిసెంబరులో ఒక ఉపాయానికి పేటెంటు కోరారు. సుమారు మిల్లీమీటరులో నూరోవంతు ఎడంతో రెండు గాజు పలకలు. వాటి నడుమ ద్రవస్ఫటికం. అణువులు ఒక పలక నుంచి రెండో పలకకు చేరేసరికి మెలికల మెట్లలాగా తొంభై డిగ్రీలు తిరుగుతాయి. వాటితోపాటు కాంతి కంపించే దిశా తిరుగుతుంది. విద్యుత్తు తగిలితే అణువులు నిటారుగా నిలబడి ఆ మెలిక విడిపోతుంది; అప్పుడు కాంతి ఆగి, అక్కడ నల్లని గీత కనిపిస్తుంది. ఏడు గీతలతో సున్న నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ సిద్ధం. 1973లో సీకో, 1974లో కేసియో ఇటువంటి వాచీలను తెచ్చాయి. తొలినాటి ద్రవాల్లో కొన్ని తేమ తగిలితే పాడయ్యేవి. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 1970ల తొలినాళ్లలో నిలకడైన ద్రవాలను కనిపెట్టాకే ఈ వాచీలకు దీర్ఘాయువు కలిగింది.

అయితే వాచీకి ముందుగా ముసలితనం వచ్చేది ఆ ద్రవానికి కాదు, గాజు పలకల ముందూ వెనుకా అంటించిన పల్చని పొరలకు. వాటినే పోలరాయిడ్ ఫిల్ము అంటారు. ఒక్క దిశలో కంపించే కాంతిని మాత్రమే అవి పోనిస్తాయి. ఈ ఫిల్ము పుట్టుక చిత్రమైనది. 1852లో ఇంగ్లండులో హెరపాత్ అనే వైద్యుడి శిష్యుడు, క్వినైను తాగించిన కుక్క మూత్రంలో అయొడిన్ చుక్క వేశాడట! ఏర్పడిన పచ్చని స్ఫటికాలు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడినచోట నల్లబడడం గురువు గమనించాడు. ఎడ్విన్ లాండ్ అనే అమెరికా యువకుడు ఆ స్ఫటికాలనే ఆధారం చేసుకొని 1920ల చివర తొలి ఫిల్ము తయారుచేశాడు. 1938లో క్వినైను వదిలేసి, సాగదీసిన ప్లాస్టిక్ పొరకు అయొడిన్ పట్టించాడు. మన వాచీల్లోకి వచ్చినది ఆ వంశమే. ఎండా తేమా తగిలితే దానిలోని అయొడిన్ మాసిపోతుంది; పైన కవచంగా ఉండే ఎసిటేటు పొర చివికి పులిసిన వాసన వేస్తుంది. పాత సినిమా రీళ్లను నాశనం చేసే వ్యాధీ ఇదే.

మా తమ్ముడు 1984లో దుబాయి నుంచి తెచ్చుకున్న కేసియో వాచీకి పట్టింది ఈ తెగులే. వాడు పోయి చాలాకాలమైంది. అంకెలు గోధుమరంగు మరకలో మునిగిపోయాయి. చూపిన ప్రతి దుకాణంలోనూ ‘పారేసి కొత్తది కొనుక్కోండి’ అన్నారట. ‘బావగారూ, నాకు కొత్తది వద్దు. ఆయన చూసుకున్న టైము కావాలి’ అంది మా మరదలు. ఆ మాటకు ఏ వ్యాకరణం చెప్పగలను?

విప్పి చూస్తే యంత్రం నిక్షేపంగా ఉంది. ముందు పొరను కాస్త వెచ్చచేసి, సన్నని బ్లేడుతో అంచు లేపి ఒలిచాను. మిగిలిన జిగురును దూదికి అద్దిన ఎసిటోన్‌తో తుడవాలి. ద్రవం నింపి మూసిన రంధ్రం వైపు మాత్రం ఆ దూదిని పోనివ్వకూడదు. కొత్త ఫిల్మును అంటించే ముందు, నడుస్తున్న వాచీ మీద పెట్టి మెల్లగా తిప్పి చూడాలి. ఒక కోణంలో తెల్లని నేలపై నల్లని అంకెలు కనిపిస్తాయి. తొంభై డిగ్రీలు తిప్పితే నల్లని నేలపై తెల్లనివి. ఈ కాలపు కుర్రాళ్లు రెండోదాన్ని ముచ్చటపడి చేయించుకుంటారు. నాకది అక్షరాలు వదిలేసి పలక మీద మసి పూసినట్టే ఉంటుంది. మరదలు చూసిన రూపమే ఉంచాను.

అంకెల్లో ఒకటిరెండు గీతలు లోపిస్తే మాత్రం దోషం ఫిల్ముది కాకపోవచ్చు. గాజుకూ సర్క్యూటుకూ నడుమ నలుపు తెలుపు చారల రబ్బరు పట్టీ ఒకటుంటుంది. నల్ల చార విద్యుత్తును పోనిస్తుంది, తెల్లది ఆపుతుంది. దానికి పట్టిన మురికిని స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు గీతలు తిరిగి వస్తాయి. గాజును బ్యాటరీకి నేరుగా కలిపి పరీక్షించడం తగదు. ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు ద్రవాన్ని పాడుచేస్తుంది. వాచీ లోపల ఆ దిశను క్షణక్షణమూ తారుమారు చేస్తూనే ఉంటారు.

గాజు అంచు పగిలి సిరా ఒలికినట్టు నల్లని మచ్చ పాకితే మాత్రం దానికి చికిత్స లేదు. అదే నమూనా వాచీ ఇంకొకటి దొరికితే దాని గాజు పలకను తీసి అమర్చుకోవాలి. మరదలి వాచీలో ఎడమ మూల అటువంటి చుక్క ఒకటి, ఆవగింజంత, అప్పుడే మొదలైంది. ఆ సంగతి ఆమెకు చెప్పాను. అదే నమూనా పాత వాచీ కోసం ఇప్పుడు వెతుకుతున్నాను.